చీపురు తుడిచేసిన వరస

నీటి సరఫరా ఆఫీసులో అతని అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ అతను చీపురు. ఎదురుగా ఉంటే సార్, వెనక్కి తిరిగితే చీపురు. కేబుళ్లు లాగే ఆయన ఒక్కడే మొహం మీదే అలా పిలిచేవాడు. మర్యాదలు ఆయన ఒంటికి అంటేవి కావు.

ఆ పేరు ఊరికే రాలేదు. పక్కవాళ్ల టీ కప్పు ఖాళీ అయిందో లేదో చూడకుండా తీసుకెళ్లి కడిగేసేవాడు. ఇంకా రెండు గుక్కలు మిగిలి ఉంటే అది తాగేవాళ్ల తలనొప్పి. గోడ మీద కాలెండర్ని నెల అయ్యేలోపే చింపేసేవాడు. నెలాఖరులో తేదీ కావాలంటే జనం ఫోన్లు తీసి చూసుకోవలసిందే. అతని కంప్యూటర్ తెర నున్నగా, గుండు చేయించినట్టు ఉండేది. పని అయిపోయిన ఫైలు కనపడినా, సగంలో ఆగిన ఫైలు కనపడినా కంట్లో నలుసు పడ్డట్టు విలవిలలాడేవాడు. అయిపోయినవాటిని తీసేయడం అందరూ చేసేదే. చీపురు గొప్పతనం ఏమిటంటే, ఆగిన వాటిని కూడా అయిపోయిన వాటి కిందే జమకట్టేవాడు.

అతని పని నెట్‌వర్క్ గదిలో. మెట్ల పక్కన, కిటికీలేని చిన్న గది. ఫ్యాన్ల హోరు, ఏసీ చలి. ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని కూర్చునేవాడు. ఎర్ర తీగలు ఒక కట్ట, నీలం తీగలు ఒక కట్ట, జడలు వేసినంత ముచ్చటగా ఉండేవి. వాటన్నిటికీ పైన నల్లటి పెట్టె, ఫైర్‌వాల్. బయటినుంచి ఆఫీసు కంప్యూటర్లలోకి ఎవరు రావాలన్నా దాని ముందు నిలబడి, తామెవరో తేల్చి చెప్పుకుని, అప్పుడు లోపలికి రావాలి. గేటు దగ్గర కుర్చీ వేసుకున్న కాపలావాడనుకోండి. నిద్రపోడు, చుట్ట కాల్చడు, అంతే తేడా.

ఆ గేటులోంచి రోజూ లోపలికి వచ్చే మనిషి, చీపురుకి కావలసిన మనిషి, ఒక్కతే. వదిన.

అమ్మ పోయిన ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి ఆమె. వస్తూనే వదిన పనితోపాటు అమ్మ పని కూడా నెత్తిన పడింది. అప్పటికి మరిది నిక్కరు జారిపోయే వయసువాడు. జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఆమే, లెక్కలు తప్పితే చెవి మెలిపెట్టిందీ ఆమే. అన్న ఇదే నీటి ఆఫీసులో పంపుల దగ్గర పనిచేస్తూ ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆఫీసువాళ్లు జాలిపడి వదినకి ఉద్యోగం ఇచ్చారు. మూడో అంతస్తులో ఫిర్యాదుల ఫోను. కుళాయి రాలేదని, వచ్చినా బురద వస్తోందని ఊరంతా ఎవరిని తిట్టాలో తెలియక తిట్టే తిట్లన్నీ ఆ ఫోనులోకే వచ్చిపడతాయి.

ఆ సీటు ఆమె కోసమే పుట్టింది.

“అయ్యా, ముందు తిట్టడం పూర్తి చెయ్యండి, తర్వాత చిరునామా చెబుదురుగాని. తిట్లకి వేరే సెక్షన్ లేదు, అవి కూడా నేనే తీసుకుంటున్నాను,” అనేది. అవతలివాడు ఒక్క క్షణం తెల్లబోయి నవ్వేసేవాడు. కుళాయి బాగుపడ్డాక కూడా కొందరు ఊరికే ఫోన్ చేసేవాళ్లు. ఒక పెద్దాయనైతే ప్రతిరోజూ చేసి, ఇవాళ నీళ్లు వచ్చాయమ్మా అని చెప్పి పెట్టేసేవాడు. అది ఏ రకం ఫిర్యాదు కింద రాయాలో వదినకి చివరిదాకా తేలలేదు.

అన్న పోయిన కొత్తలో చీపురు చేసిన ఘనకార్యం ఒకటుంది. వదినని వాళ్ల అక్క కొన్నాళ్లు తనతో తీసుకెళ్లింది. ఆమె తిరిగొచ్చేలోపు ఇల్లు శుభ్రంగా ఉంచాలని మరిదిగారికి పట్టుకుంది. గడప పక్కన అన్న చెప్పులు, గూట్లో నురగ ఎండిన గడ్డం బ్రష్షు, సగం చదివి మడతపెట్టిన పేపరు, అన్నీ ఊడ్చి బయటపడేశాడు. చూస్తే ఆమెకి ఏడుపొస్తుందని అతని ఉద్దేశం. నిజంగానే మంచి ఉద్దేశం. వదిన వచ్చి గడప దగ్గర ఆగి, చెప్పులుండే చోటుని చాలాసేపు చూసింది.

“చెప్పులేవిరా?” అంది.

ఎవరికో ఇచ్చేశానన్నాడు. వదిన ఊఁ కొట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఊఁ ఈనాటికీ అతని చెవిలోంచి పోలేదు. అది మాత్రం ఏ చీపురుకీ రాదు.

తర్వాత వదిన ఆఫీసు మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అతికించారుగానీ మెట్లు ఎక్కే యోగం పోయింది. ఆ భవనంలో లిఫ్టు లేదు. అప్పుడున్న మేనేజర్ మెత్తని మనిషి. ఇంటినుంచే ఫోన్లు తీసుకోవచ్చన్నాడు. ఆమె ఇంట్లో కంప్యూటరు, చెవులకి హెడ్‌సెట్టు, ఫైర్‌వాల్ గేటులోంచి ఆఫీసు ఫోన్లలోకి దారి, అంతా మరిది దగ్గరుండి అమర్చాడు. తీగల్ని గోడవెంబడి గీత గీసినట్టు బిగించాడు. వదిన చూసి, నీ పెళ్లాం వస్తే దాన్నీ ఇలాగే మేకులేసి గోడకి కొట్టేస్తావేమోరా, అంది. ఆ పెళ్లాం ఇంతవరకూ రాలేదు. ఎందుకు రాలేదో ఆ మాటలోనే ఉందని కేబుల్ ఆయన అభిప్రాయం.

మెత్తని మేనేజర్ వెళ్లిపోయి కొత్తాయన వచ్చాడు. ఈయనకి మనుషులు కళ్లముందు కుర్చీల్లో కనపడాలి. ఇంట్లో కూర్చుని పనిచేయడమంటే ఆయన లెక్కలో మంచమ్మీద పడుకోవడమే. ఒకసారి వదిన వీధిలో కరెంటు పోయి లైను తెగింది. ఇంకోసారి ఆఫీసు లైనే తెగింది. రెండూ ఆమె ఖాతాలోనే పడ్డాయి. మేనేజర్ చీపురుని పిలిచి తాపీగా చెప్పాడు.

“ఇంకొక్కసారి తెగిందంటే సీటు మళ్లీ మూడో అంతస్తుకే. ఎక్కగలిగితే ఎక్కమనండి.”

ఎక్కలేకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, చీపురు అడగలేదు. వదిన ఇంటికెళ్లి చెబితే, అయితే జాగ్రత్తగా చూసుకో మరిదీ, నన్ను గేటు బయట నిలబెట్టకు, అని నవ్వింది. నవ్వుతూనే హెడ్‌సెట్టుని చెంగుతో తుడిచి పక్కన పెట్టుకుంది. ఆ గదిలో మంచం, కుర్చీ, కిటికీ. కిటికీలోంచి కనపడేది ఎదురింటి గోడ. ఊరంతా ఆ హెడ్‌సెట్టులోంచే ఆమె దగ్గరికి వచ్చేది. నడవలేని మనిషికి అదొక్కటే వీధి.

ఇప్పుడు సర్టిఫికెట్ గొడవ ఒకటి వచ్చిపడింది. సర్టిఫికెట్ అంటే ఫైర్‌వాల్ గేటుకి గుర్తింపు కార్డు లాంటిది. ఇది ఫలానా ఆఫీసు గేటే, దొంగ గేటు కాదు అని హెడ్డాఫీసు సంతకం చేసి ఇస్తుంది. వదిన ఇంట్లో కంప్యూటర్ మొదట ఆ కార్డు చూసి, సంతకం సరిపోతేనే తలుపు తడుతుంది. ఆ కార్డుకి గడువు ఉంటుంది. గడువు దాటితే ఆ నిమిషానికే వదిన కంప్యూటర్ మొహం తిప్పేసుకుంటుంది.

పోయినసారి గడువు దగ్గరపడితే పెట్టె అమ్మిన కంపెనీ మనిషి వచ్చి కొత్త కార్డు పెట్టి వెళ్లాడు. కొత్త మేనేజర్ ఆ కంపెనీని మానిపించేశాడు. మనకి మనిషి ఉన్నాడుగా అని చీపురుని చూపించాడు. చీపురు ఎప్పుడూ చేయలేదు. చేయలేదని చెబితే నోరు పడిపోతుందా, చెప్పలేదు. గడువుకి బోలెడంత ముందుగానే మొదలుపెట్టాడు. ఎంతైనా అది వదిన దారి.

ఫైర్‌వాల్ తెర మీద ఒక పేజీ తెరిచి ఆఫీసు పేరు, ఊరు, గేటు చిరునామా ఒక్కొక్కటే టైపు చేశాడు. అక్షరం తప్పిందేమో అని మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. బటన్ నొక్కాడు. పెట్టె కాసేపు ఆలోచించి రెండు వస్తువులు తయారుచేసింది. ఒకటి రహస్య తాళంచెవి. అది పెట్టె కడుపులోనే ఉండిపోతుంది, బయటికి రానే రాదు. రెండోది ఆ తాళంచెవికి సరిపోయే కార్డు కావాలని అడిగే అర్జీ, దాన్నే రిక్వెస్ట్ అంటారు. పిచ్చి అక్షరాల ముద్దలా ఉంటుంది. చీపురు ఆ ముద్దని హెడ్డాఫీసుకి పంపించాడు. సంతకం చేసి కార్డు పంపిస్తారు, దాన్ని తెచ్చి పెట్టెలో పెడితే కడుపులో ఉన్న తాళంచెవితో జత కలుస్తుంది. అంతే పని.

కానీ తెర మీద ఒక వరస మిగిలింది. మిగతా వరసలన్నీ పచ్చగా ఉంటే ఇదొక్కటి బూడిదరంగులో ఉంది. పక్కన ‘పెండింగ్’ అని.

మొదటిరోజు చూసి ఊరుకున్నాడు. తర్వాత ఏ పనిమీద ఆ పేజీ తెరిచినా ముందు అదే కనపడేది. నున్నటి గోడ మీద మేకులా. అర్జీ వెళ్లిపోయింది, కాపీ హెడ్డాఫీసు దగ్గర ఉంది, ఇంక ఇదెందుకు ఇక్కడ, శవంలా. ఒకరోజు భోజనం చేసి వచ్చి, చేతులు తుడుచుకుని, ఆ వరస మీద నొక్కాడు. తీసేయాలా అని పెట్టె అడిగింది. తీసేయమన్నాడు. పాపం, ఆ పెట్టె కూడా ఒక మాట గట్టిగా అని ఉండాల్సింది. అనలేదు. వరస పోయింది. దాని వెనక కడుపులో ఉన్న తాళంచెవీ పోయింది. తెర నున్నగా, పచ్చగా అయింది. ఎంగిలి బల్ల తుడిచినంత హాయి అనిపించింది అతనికి. ఆ హాయిలోనే పెట్టె సెట్టింగులన్నిటికీ ఒక బ్యాకప్ తీశాడు. పాత బ్యాకప్ మీదే కొత్తది రాసేశాడు. రెండు ఉంచడమంటే అతనికి ఒకే కాలికి రెండు చెప్పులు వేసుకోవడం.

హెడ్డాఫీసు సంగతి తెలిసిందే. సంతకాలు పెట్టే ఆయనకి వారానికి ఒకటే సంతకాల రోజు. ఆ రోజు సెలవొస్తే ఇంకో వారం. అలా తోసుకుంటూ తోసుకుంటూ కార్డు వచ్చేసరికి గడువు ఆఖరి రోజు పొద్దున్నయింది. సాయంత్రం ఆఫీసు మూసేవేళకి పాత కార్డు చచ్చిపోతుంది. మేనేజర్ తలుపులోంచి తొంగిచూసి అయిపోతుందా అని అడిగితే, మీరు టీ తాగేలోపు అయిపోతుంది సార్, అన్నాడు చీపురు.

కార్డుని పెట్టెలో పెట్టాడు. ఈ కార్డుకి తాళంచెవి కనపడలేదు అంది పెట్టె.

తప్పు ఫైలేమో అనుకుని మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే మాట. తెర కిందికీ పైకీ తిప్పాడు. అన్నీ పచ్చవరసలే. బూడిదరంగు వరస కోసం వెతికాడు. ఎక్కడ పెట్టానబ్బా అనుకున్నాడు. అప్పుడు అతని చూపుడువేలికి గుర్తొచ్చింది, తలకంటే ముందు. భోజనం, చేతులు తుడుచుకోవడం, నొక్కడం.

హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. సంతకాలాయన దొరికాడు. కొత్త అర్జీ ఇప్పుడే పంపుతాను, ఇవాళే సంతకం పెట్టండని బతిమాలాడు.

“పంపండి, వచ్చే వారం వరసలో పెడతాం.”

“ఇవాళ సాయంత్రానికి గేటు మూసుకుపోతుంది సార్.”

“అదేంటండీ, పొద్దున్నే సంతకం పెట్టి పంపించాంగా. దాని తాళంచెవి ఏమైంది?”

“పోయింది సార్.”

“అది పెట్టె కడుపులోంచి బయటికే రాదు కదా. ఎలా పోతుంది?”

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాడు. చీపురు, పోయింది సార్ అనే మళ్లీ అన్నాడు. ఈ వారం మా పై ఆఫీసరు ఊళ్లో లేడు, ఆయన ఒప్పుకోకుండా వరస దాటి సంతకం పడదు, ఏమీ అనుకోకండి, అని అవతలాయన ఫోన్ పెట్టేశాడు.

పెట్టె తనకి తానే సంతకం పెట్టుకున్న కార్డొకటి తయారుచేసి చూశాడు. వదిన కంప్యూటర్ అలాంటి దొంగసంతకాల్ని నమ్మకుండా హెడ్డాఫీసే బిగించి ఉంచింది. బిగించమని అప్పట్లో అర్జీ పెట్టిందీ ఇతనే. కేబుల్ ఆయన వచ్చి పక్కన నిలబడి, పాత బ్యాకప్‌లో ఆ తాళంచెవి ఉంటుందేమో చూడు చీపురూ, అన్నాడు.

“పాతవి నేను ఉంచను.”

కేబుల్ ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు. ఆ పూట ఏమీ అనలేదు. చీపురు భుజమ్మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేసి, బయటికి నడిచాడు. ఆయన వేళాకోళం చేయకపోవడం చూశాకే చీపురుకి పూర్తిగా అర్థమైంది, ఇంక ఏ దారీ లేదని.

మేనేజర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. వరస తనే తీసేశానన్నాడు. వదిన తప్పు ఇసుమంతైనా లేదన్నాడు. తన మీద ఏం చర్య తీసుకున్నా సరే, సీటు మాత్రం మార్చొద్దన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన బల్ల మీద చెదిరిన కాగితాలు సర్దబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“తప్పెవరిదని నేనడగలేదు. లైను ఉంటుందా, ఉండదా అని అడిగాను,” అన్నాడు మేనేజర్. కోపం లేదు, కసి లేదు. కుళాయి కట్టేసినట్టు అన్నాడు. సోమవారంనుంచి పై అంతస్తులో వేరే మనిషి కూర్చుంటారని, ఆ సంగతి వదినగారికి మీరే చెబితే బాగుంటుందని కూడా అన్నాడు.

చీపురు నడుచుకుంటూ వెళ్లాడు. బస్సులో వెళితే తొందరగా చేరతాడు, అందుకని నడిచాడు. ఎండ చురచురలాడుతోంది. స్వెటర్ తీయడం మర్చిపోయాడు. దారిలో ఎవరో గుమ్మం ముందు బకెట్ పెట్టి నీళ్లు పడుతున్నారు. బకెట్ నిండి పొర్లిపోతోంది. కట్టేయాలని కూడా అతనికి తోచలేదు.

వదిన కిటికీ పక్క కుర్చీలో ఉంది. చెవులకి హెడ్‌సెట్టు. ఎవరితోనో మాట్లాడుతూ, కూర్చోమని కనుబొమ్మలతో చెప్పింది. కాల్ అయ్యాక మైకు పక్కకి తిప్పింది.

“ఏంటి మరిదిగారూ, పట్టపగలు దర్శనమిచ్చారు. ఆఫీసు కాలిపోయిందా?”

అతను నేలకేసి చూస్తున్నాడు. వదిన అతని స్వెటర్ని చూసింది, చెమటని చూసింది, ఒళ్లో ముడుచుకున్న చేతుల్ని చూసింది. గొంతు మారింది.

“ఈసారి ఏం ఊడ్చావురా?”

చెప్పాడు. అర్జీ, తాళంచెవి, బూడిదరంగు వరస, సంతకాలాయన, మేనేజర్, సోమవారం. చెప్పడం అయ్యాక వదిన కిటికీలోంచి ఎదురింటి గోడని చూసింది.

“ఆ వరసని దానిపాటికి దాన్ని ఉండనిస్తే నీ సొమ్మేం పోయింది?”

“కంటికి అడ్డంగా ఉంది వదినా.”

“నేనూ కంటికి అడ్డంగానే ఉంటాన్రా, ఎప్పుడో ఒకప్పుడు నన్నూ తుడిచేస్తావ్,” అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె అన్న వేళాకోళాల్లో అవతలివాడు నవ్వనిది, తనూ నవ్వలేనిది అదొక్కటే.

ఫోన్ మోగింది. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. రోజూ చేసే ఆ పెద్దాయన. నీళ్లు వచ్చాయమ్మా, అన్నాడు. సంతోషమండీ, అంది. అక్కడితో పెట్టేయాల్సింది, పెట్టలేదు. ఎప్పుడో ఒకసారి చెప్పారు, మీ మోకాలు ఎలా ఉందని అడిగింది. కోడలు ఊరినుంచి వచ్చిందా అని అడిగింది. ఆయన ఆశ్చర్యపడిపోయి అన్నీ చెప్పాడు. రేపు మళ్లీ చేస్తానమ్మా, అన్నాడు.

“చెయ్యండి,” అంది వదిన.

తర్వాత ఇంకో రెండు కాల్స్ వచ్చాయి. ఒకాయన పైపు పగిలిందని అరిచాడు. ఆమె ఎప్పటిలాగే తిట్లూ తీసుకుంది, చిరునామా తీసుకుంది. అరిచేవాడికి చివర్లో, ఈవేళ మీరు బాగా తిట్టారండీ, అంది. చీపురు తల ఎత్తలేదు. ఎండ ఎదురింటి గోడమీదనుంచి పైకి జారుకుంది. కాసేపటికి వదిన కంప్యూటర్ తెరమీద ఒక చిన్న గడి తెరుచుకుంది. ఈ గేటుని నమ్మడానికి లేదు, లైను తెగింది, అని రాసి ఉంది. పాపం, అది అబద్ధమేమీ కాదు.

వదిన హెడ్‌సెట్టు తీయలేదు. ఎవరైనా మాట్లాడతారేమో అన్నట్టు కాసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత తీసి ఒళ్లో పెట్టుకుంది. తీగ జారి నేలమీద మెలికలు తిరిగి పడింది. చీపురు అలవాటు కొద్దీ లేచి, వంగి, చుట్టబోయాడు.

“ముట్టుకోకు,” అంది.

అతను ఆగిపోయాడు.

“దాన్ని అక్కడే ఉండనీ. నీకు దండం పెడతాను, ఈ ఒక్కదాన్నీ ఉండనీ.”

మళ్లీ పంపిన అర్జీకి కొత్త కార్డు చెప్పిన వారానికే వచ్చింది. ఈసారి బూడిదరంగు వరస అక్కడే ఉంది. కార్డు పెట్టగానే తాళంచెవితో జతకలిసి పచ్చగా మారింది. గేటు ఇప్పుడు దివ్యంగా పనిచేస్తోంది. ఎవరొచ్చినా తెరుచుకుంటుంది. ఇంటినుంచి పనిచేసే సీటు ఆ ఆఫీసులో ఇంకొకటి లేదు కాబట్టి ఎవరూ రారు. చీపురు రోజూ ఒకసారి ఆ పేజీ తెరిచి, లోపలికి ఎవరొచ్చారా అని చూసి మూసేస్తాడు. పై అంతస్తులో కొత్తమ్మాయి మర్యాదగానే మాట్లాడుతుందట. ఆ పెద్దాయన ఒకటి రెండుసార్లు చేసి, పాతమ్మ లేదా అని అడిగి, ఇంక చేయడం మానేశాడు.

ఆదివారాలు చీపురు వదిన ఇంటికి వెళతాడు. ఆమె వంగలేదు కాబట్టి ఇల్లు ఊడ్చి పెడతాడు. వదిన మాట్లాడుతుంది, తిన్నావా అంటుంది, చిక్కిపోయావంటుంది. వేళాకోళాలు మాత్రం తగ్గిపోయాయి. రోజంతా మాట్లాడేందుకు మనిషి లేక గొంతు కూడా కాస్త బొంగురుపోయింది. అతను మంచం కింద ఊడుస్తాడు, గడప పక్కన ఊడుస్తాడు, కుర్చీ చుట్టూ ఊడుస్తాడు. హెడ్‌సెట్టు తీగ పడినచోటే పడి ఉంది, దుమ్ము పట్టి బూడిదరంగుకి తిరిగింది. అక్కడిదాకా వచ్చాక చీపురు పక్కకి తిప్పి, చుట్టూ తిరిగి, అవతలినుంచి ఊడ్చుకుంటూ వెళతాడు.